అమ్మానాన్నలతో కెన్యా సఫారీ: ఎల్లో ఫీవర్ టీకా, మలేరియా మాత్రలు... ఏది తప్పదు, ఏది అతి?

వెన్నెల_వి
ఆగస్టులో అమ్మానాన్నలను కెన్యా తీసుకెళ్తున్నాం. నైరోబీ, నైవాషా, మసాయి మారా, చివర్లో మొంబాసా పక్కన డయానీ బీచ్. నాన్నకు 68, బీపీ, షుగర్ ఉన్నాయి. అమ్మకు 61, మోకాళ్ల నొప్పులు తప్ప ఇంకేం లేవు. టికెట్లు తీసేశాం, హోటళ్లకు డబ్బు కట్టేశాం. ఇప్పుడు తల పట్టుకుని కూర్చున్నాను.

ట్రావెల్ ఏజెంటేమో ఎల్లో ఫీవర్ టీకా లేకుండా కుదరదంటాడు. మా డాక్టరుగారేమో అరవై దాటినవాళ్లకు ఆ టీకా అంటే ఆలోచించాలి అన్నారు. కెన్యా రూల్స్ చదివితే ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లను ఆ సర్టిఫికెట్ అడగరనే ఉంది. ఎవరి మాట వినాలి? మలేరియా మాత్రలది ఇంకో గొడవ. మా పెద్దనాన్నగారి అబ్బాయి మొన్నీమధ్యే వెళ్లొచ్చాడు. "నేనే మాత్రా వేసుకోలేదు, నాకేమైంది?" అంటున్నాడు.

నోటిదురద
మీ అన్నయ్యను కుట్టి నోరు పాడు చేసుకోవడం ఎందుకని దోమలు ఊరుకుని ఉంటాయి.

నైరోబీ_బాబాయి
ఏజెంట్ చెప్పింది నిజమే, మీరు చదివిందీ నిజమే. కెన్యాలో దిగేటప్పుడు ఆ కార్డు అడిగేది ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి వచ్చేవాళ్లను. ఇండియా ఆ జాబితాలో లేదు. కానీ కెన్యా ఆ జాబితాలో ఉంది! అంటే మీకు చిక్కు వెళ్లేటప్పుడు కాదు, తిరిగొచ్చేటప్పుడు. ఇండియాలో దిగాక చెల్లే కార్డు లేకపోతే 6 రోజుల వరకు విడిగా ఉంచే అధికారం వాళ్లకుంది. ఈ రోగాన్ని మోసే ఈడిస్ దోమ మన దగ్గర కావలసినంత ఉంది, రోగం మాత్రం ఇంతవరకు లేదు. అందుకే అంత పట్టుదల.

హడావిడి_వద్దు
పట్టుదలా పాడా. నేను వచ్చినప్పుడు ఎవడూ కార్డు అడగలేదు. జేబులో పెట్టుకుని బయటికొచ్చేశాను. ఊరికే భయపెడుతున్నారు.

లెక్కలమాస్టారు
@హడావిడి_వద్దు జేబులో పెట్టుకుని వచ్చారంటే టీకా వేయించుకున్నట్టేగా? కార్డు ఉన్నవాడు "ఎవరూ అడగలేదు" అనడం తేలిక. లేనివాణ్ని అడిగితే అప్పుడు చెప్పండి.

హడావిడి_వద్దు
సరే, అది పాయింటే. కానీ పెద్దవాళ్లకు ఆ టీకా రిస్కు అని డాక్టరే అంటుంటే మీరంతా పొడిపించుకోమంటారేమిటి?

తెల్లకోటు
ఇక్కడ ఎవరికీ మందు రాయను, ముందే చెప్తున్నా. తెలిసింది మాత్రం చెప్తా.

ఎల్లో ఫీవర్ టీకాలో ఉండేది బతికున్న వైరస్, బలం తగ్గించినది. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లలో నాలుగు రోజులు కాస్త ఒళ్లునొప్పులు, కొద్దిగా జ్వరం, అంతే. 60 దాటి మొదటిసారి వేయించుకునేవాళ్లలో మాత్రం కాలేయం, మెదడు లాంటి అవయవాలను దెబ్బతీసే తీవ్రమైన రియాక్షన్లు కుర్రవాళ్లలో కంటే కొంచెం ఎక్కువగా కనిపించాయి. ఎక్కువ అన్నా చాలా అరుదే. అంచేత 60 దాటితే "వద్దు" అని కాదు, "చూసి వేయాలి" అని. వెన్నెలగారి డాక్టరు కూడా ఆలోచించాలనే అన్నారు, వద్దనలేదు.

అసలు వేయకూడని వాళ్లు వేరే ఉన్నారు. గుడ్డు పడనివాళ్లు (తీవ్రమైన ఎలర్జీ), రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, కీమో మీదో, ఎక్కువ డోసు స్టెరాయిడ్ల మీదో ఉన్నవాళ్లు, థైమస్ గ్రంథి జబ్బు ఉన్నవాళ్లు, 6 నెలల లోపు పసిపిల్లలు. అదుపులో ఉన్న బీపీ, షుగర్ ఈ జాబితాలో లేవు. మీ నాన్నగారి మందుల చీటీ, తాజా రిపోర్టులు పట్టుకుని టీకా కేంద్రంలోని డాక్టరుతో కూర్చోండి. ఆయనే తేల్చాలి.

వెన్నెల_వి
వద్దని తేలితే? ట్రిప్పు మానేయడమేనా?

తెల్లకోటు
పసుపు కార్డులోనే (ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్టే అది) ఆరోగ్య కారణంగా టీకా వేయలేదని డాక్టరు రాసి, సంతకం, ముద్ర వేసే చోటు ఉంటుంది. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం అధికారులు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అయితే లెక్కలోకి తీసుకోవడమంటే వదిలేయడమని కాదు, కొన్నాళ్లు కనిపెట్టి ఉంటామనొచ్చు. మీరు దిగబోయే విమానాశ్రయంలోని హెల్త్ ఆఫీసుకు ముందే రాసి అడగండి. దిగాక కౌంటర్ దగ్గర వాదించడం కంటే అది నయం.

లెక్కలమాస్టారు
తేదీలు మర్చిపోకండి. టీకా వేసిన 10 రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది. విమానం ఎక్కే ముందురోజు పరిగెత్తితే లాభం లేదు. అన్ని ఆస్పత్రుల్లోనూ వేయరు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే. వాళ్లు వారంలో కొన్ని రోజులే వేస్తారు, ముందే పేరు రాయించుకోవాలి. ఆగస్టు ప్రయాణమంటే జూన్‌లో పని ముగించేయండి.

ఇంకోటి. పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాలన్నది పాత మాట. 2016 జులై 11 నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. పాత కార్డులకు కూడా ఇదే వర్తిస్తుంది. కాబట్టి ఇంట్లో ఎవరిదైనా పాత కార్డు ఉంటే పారేయకండి.

కెమెరాకన్ను
మాస్టారూ, మా బావ పాత కార్డు పట్టుకెళ్తే ఏజెంట్ "గడువు అయిపోయింది, మళ్లీ వేయించుకో" అన్నాడు. జనం ఇలాగే రెండోసారి పొడిపించుకుంటున్నారు.

నోటిదురద
ఏజెంట్‌కు గడువు అయిపోయింది, కార్డుకు కాదు.

దోమతెర
అందరూ ఎల్లో ఫీవర్ చుట్టూ తిరుగుతున్నారు. కెన్యా వెళ్లేవాళ్లను ఎక్కువగా పడగొట్టేది మలేరియా. దానికి కార్డు లేదు, కౌంటర్ లేదు, అడిగేవాడు లేడు. అందుకే జనానికి అలుసు. వెన్నెలగారూ, మీ అన్నయ్య ఎక్కడెక్కడ తిరిగాడో అడిగారా?

వెన్నెల_వి
ఇప్పుడే ఫోన్ చేశాను. ఆఫీసు పని మీద వెళ్లాడట, నైరోబీ దాటలేదట. హోటలు, ఆఫీసు, మళ్లీ హోటలు. ఇన్నాళ్లూ సింహాన్ని చూసొచ్చినంత బిల్డప్ ఇచ్చాడు 😡

నైరోబీ_బాబాయి
😂 అయితే దొరికిపోయాడు. నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది, చలి కూడా ఎక్కువే, అందుకని ఇక్కడ మలేరియా చాలా తక్కువ. మేమెవరమూ మాత్రలు వేసుకోం. కానీ మీరు వెళ్లేది మారాకు, తర్వాత డయానీకి. సముద్రతీరం, విక్టోరియా సరస్సు వైపు కిసుము ప్రాంతం, ఈ రెండూ మలేరియాకు పెట్టింది పేరు. మారా కాస్త ఎత్తులో ఉన్నా అక్కడా ఉంది. 2,500 మీటర్లు దాటితేనే లేదనుకోవాలి, మీ దారిలో అంత ఎత్తున పడుకునే ఊరు లేదు.

ఇక్కడివాళ్లు వేసుకోరు కదా, మనకెందుకు అనే మాట కూడా వింటారు. మలేరియా ఉన్న చోట పుట్టి పెరిగినవాళ్లకు చిన్నప్పటి నుంచి వచ్చీ వచ్చీ కొంత తట్టుకునే శక్తి ఉంటుంది. వారం రోజులకు వచ్చినవాడికి అది ఎక్కడిది?

హడావిడి_వద్దు
మనకూ మలేరియా కొత్త కాదుగా. చిన్నప్పుడు అందరికీ వచ్చిందే. క్లోరోక్విన్ వేస్తే తగ్గిపోయేది.

తెల్లకోటు
@హడావిడి_వద్దు ఈ ధీమాతోనే ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. కెన్యాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం. అది మెదడుకెక్కుతుంది, కిడ్నీలను దెబ్బ తీస్తుంది, ఆలస్యం చేస్తే రెండు మూడు రోజుల్లోనే పరిస్థితి చేయి దాటిపోవచ్చు. క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు. చిన్నప్పుడెప్పుడో వచ్చిన మలేరియా ఇచ్చిన రక్షణ ఇన్నేళ్లు నిలవదు.

ముందుజాగ్రత్తకు వాడేవి ముఖ్యంగా మూడు. అటోవాక్వోన్-ప్రొగ్వానిల్: బయల్దేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలు, రోజూ ఒకటి, మలేరియా ప్రాంతం వదిలాక ఇంకో 7 రోజులు. ఏదైనా తిన్నాకో, పాలతోనో వేసుకోవాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు పనికిరాదు. షుగర్ ఉంది కాబట్టి మీ నాన్నగారికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసుకుని అడగండి. డాక్సీసైక్లిన్: చవక, ఇదీ రోజూ ఒకటే, కానీ వదిలి వచ్చాక 4 వారాలు వాడాలి. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. వేసుకుని వెంటనే పడుకుంటే గొంతు, గుండెల్లో మంట. మెఫ్లోక్విన్: వారానికొకటి, కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టాలి, మానసిక సమస్యలు ఉన్నవాళ్లకు ఇవ్వరు.

మధ్యలో ఆపేయడమే అందరూ చేసే పని. "ఇంటికొచ్చేశాంగా" అని స్ట్రిప్పు అలమరాలో పడేస్తారు. లోపలికెళ్లిన క్రిమి అప్పటికింకా కాలేయంలో దాక్కుని ఉండొచ్చు, మిగతా మాత్రలు దానికోసమే.

దోమతెర
+1. మాత్ర ఉందని దోమల్ని కుట్టనివ్వకూడదు. మలేరియా దోమ కుట్టేది పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా. సాయంత్రం చలిమంట చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకునేటప్పుడే చీలమండల దగ్గర పట్టేస్తుంది. పొడుగు చేతుల చొక్కా, సాక్సులు, డీట్ అనే దోమల మందు 20 నుంచి 50 శాతం ఉన్న క్రీము. సన్‌స్క్రీన్ ముందు, అది ఆరాక దోమల క్రీము. తిరగేసి రాస్తే రెండూ దండగే. టెంట్‌లో తెర ఉంటుంది, దాన్ని పరుపు కిందికి దోపుకోవాలి, ఊరికే వేలాడదీస్తే అందం కోసమే.

గడియారంముల్లు
డీట్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది, జాగ్రత్త. నా కళ్లజోడు ఫ్రేము మీద వేలిముద్ర అచ్చుపడిపోయింది.

కెమెరాకన్ను
కెమెరా రబ్బరు గ్రిప్ కూడా జిగురుజిగురుగా అయిపోతుంది. రాసుకున్నాక చేతులు తుడుచుకోండి.

బట్టల సంగతి ఎవరూ ఎత్తలేదు. ముదురు నీలం, నలుపు వద్దు. సెట్సీ ఈగలకు ఆ రంగులంటే పిచ్చి. వాటిని పట్టే ఉచ్చులు కూడా నీలం, నలుపు గుడ్డలతోనే చేస్తారు. అడవి దారుల పక్కన గుడ్డతో చేసినవి వేలాడుతుంటాయి, చూస్తారు. అది కుడితే సూది గుచ్చినట్టే, పలచటి బట్ట మీదనుంచి కూడా కుడుతుంది, క్రీములకు పెద్దగా లొంగదు. ఖాకీ, గోధుమ రంగులు మేలు. మిలిటరీవాళ్ల మచ్చల బట్టలు (కామఫ్లాజ్) మాత్రం అస్సలు వద్దు, కెన్యాలో మామూలు జనం వేసుకోవడం నేరం.

నోటిదురద
మా వాడు సఫారీకని ప్రత్యేకంగా ఆ మచ్చల ప్యాంటే కొన్నాడు. చెప్పనా, వద్దా?

నైరోబీ_బాబాయి
చెప్పండి బాబూ. అలాగే ప్లాస్టిక్ సంచులు కూడా. 2017 ఆగస్టు 28 నుంచి నిషేధం. తయారుచేసినా, అమ్మినా, వాడినా 40 లక్షల షిల్లింగుల దాకా జరిమానా, లేదా నాలుగేళ్ల దాకా జైలు అని చట్టంలో ఉంది. టూరిస్టులను జైల్లో వేసేస్తారని కాదు. ఎయిర్‌పోర్టులో డ్యూటీఫ్రీ కవరు తీసేయమంటారు, అంతే. మనవాళ్లు చెప్పులు ఒక కవర్లో, పచ్చళ్లు మూడు కవర్లలో చుట్టి తెస్తారు, అది చూస్తే నాకు టెన్షన్. మందులకు చిన్న గుడ్డ సంచి కుట్టించుకోండి. 2020 జూన్ 5 నుంచి నేషనల్ పార్కుల్లోకి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కూడా తేకూడదు. స్టీలు సీసా పెట్టుకుంటే క్యాంపుల్లో వడగట్టిన నీళ్లు నింపిస్తారు.

కుళాయి నీళ్లు వద్దు, పళ్లు తోముకోవడానికి కూడా. ఐసుముక్కలు, ముందే కోసిపెట్టిన పండ్లు కూడా అంతే. కళ్లముందు వేడివేడిగా చేసింది తినండి.

అమ్మకూచి
బాబాయిగారూ, సింహాల సంగతి చెప్పండి. పెద్దవాళ్లతో అంటే నాకు అదే భయం.

నైరోబీ_బాబాయి
బండి దిగకపోతే సింహం మీ జోలికి రాదు. గైడ్ చెప్పేదాకా దిగకండి, కిటికీలోంచి చేతులు, తలలు బయటపెట్టకండి, అరవకండి. నాకు ఎక్కువ భయం నీటి ఏనుగులంటే. పగలంతా నీళ్లలో బద్ధకంగా పడుంటాయి, రాత్రి గడ్డి మేయడానికి ఒడ్డుకొస్తాయి. నైవాషాలో చాలా రిసార్టుల పచ్చికలోకి కూడా వచ్చేస్తాయి. దానికీ నీళ్లకూ మధ్య మనిషి అడ్డంగా నిలబడ్డాడో, అంతే సంగతులు. చీకటి పడ్డాక గదికి వెళ్లాలంటే కాపలావాణ్ని పిలవాలి, ఇక్కడ అస్కారీ అంటారు. టార్చి పట్టుకుని తోడొస్తాడు. "పక్కనేగా" అని నాన్నగారు ఒంటరిగా బయల్దేరకుండా చూడండి.

పెద్ద ప్రమాదం మాత్రం జంతువు కాదు, రోడ్డు. నైరోబీ నుంచి నరోక్ మీదుగా మారా అయిదారు గంటలు. రిఫ్ట్ వ్యాలీ ఘాట్ దగ్గర లారీలు, ఓవర్‌టేకులు. రాత్రి ప్రయాణం ఒప్పుకోకండి, సీటు బెల్టు పనిచేస్తుందో లేదో బయల్దేరకముందే లాగి చూడండి.

దారినపోయే_దానయ్య
రోడ్డు వద్దనుకుంటే నైరోబీ విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానాలున్నాయి, ముప్పావుగంటలో మారా. కానీ మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో. చక్రాల సూట్‌కేసు ఎక్కించరు. డబ్బు ఎక్కువే, మోకాళ్లకు మాత్రం వరం. సఫారీ బండి మెట్టు ఎత్తుగా ఉంటుంది, అమ్మగారికి చిన్న స్టూలు కావాలని ముందే చెప్పండి. మధ్య వరుసలో కూర్చోబెట్టండి, వెనక వరుస ఎగిరెగిరి పడుతుంది. డ్రైవర్లు దాన్ని "ఆఫ్రికన్ మసాజ్, ఫ్రీ" అంటారు. నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఆ జోకు నచ్చదు.

తెల్లకోటు
షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట. సఫారీ తెల్లవారుజామున ఆరింటికి మొదలవుతుంది, తిరిగొచ్చేసరికి పది, పదకొండు. మాత్ర వేసుకుని ఏమీ తినకుండా బండెక్కితే నడి అడవిలో షుగర్ పడిపోతుంది. గ్లూకోజు, బిస్కెట్లు చేతిసంచిలో ఉండాలి. మందులన్నీ అసలు ప్యాకింగ్‌లోనే, మందు పేరు రాసున్న చీటీతో, విమానంలో మీ దగ్గరే పెట్టుకోండి. ఇన్సులిన్ అయితే చెకిన్ సామానులో అసలు వేయొద్దు, గడ్డకడితే పాడైపోతుంది. ఉన్న రోజుల కంటే ఎక్కువ రోజులకు సరిపడా తీసుకెళ్లండి.

విరేచనాలకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. జ్వరమో, రక్తమో ఉంటే విరేచనాలు కట్టే మాత్ర వేసి సరిపెట్టుకోకండి, డాక్టరుకు చూపించాలి.

అమ్మకూచి
మధ్యలో బాత్రూమ్ వస్తే? బండి దిగొద్దంటున్నారుగా!

దారినపోయే_దానయ్య
గైడ్ చుట్టూ చూసి, ఓ పొద పక్కన ఆపి, "ఇప్పుడు వెళ్లండి" అంటాడు. మనం బండి చక్రం దాటి పోం. సభ్యత సంగతి తర్వాత, వెనక ఏముందో అన్నదే ధ్యాస.

హడావిడి_వద్దు
ఇన్సూరెన్స్ ఎవరూ ఎత్తలేదు, నేనే చెప్తా. ఇదొక్కటి మాత్రం కక్కుర్తి పడొద్దు. పాలసీలో ఆస్పత్రి ఖర్చు ఒక్కటే కాదు, విమానంలో తరలించే ఖర్చు ఉందో లేదో చూడాలి. ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్ సంగతి దాచకుండా రాయాలి, లేకపోతే తీరా క్లెయిమ్ చేసేటప్పుడు చేతులెత్తేస్తారు.

నైరోబీ_బాబాయి
ఎట్టకేలకు హడావిడిగారు హడావిడి పడ్డారు! నిజమే. మారాలో గుండెనొప్పి వస్తే పెద్ద ఆస్పత్రి నైరోబీలోనే. ఇక్కడ ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ అని ఉంది, 1957లో మొదలైంది, విల్సన్ నుంచే ఎగురుతుంది. టూరిస్టులకు కొద్ది రోజుల సభ్యత్వం కూడా అమ్ముతారు. మీ క్యాంపు అందులో ముందే చేరి ఉందేమో అడగండి, చాలా క్యాంపులు చేర్పించే ఉంటాయి. అత్యవసర నంబర్లు 999, 112.

డయానీలో కోతులకు తిండి పెట్టకండి. పళ్లు పడినా, గోరు గీరుకున్నా సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లాలి. "చిన్న గీతే కదా" అనకూడదు. బీచ్‌లో ఫోన్, నగలు చూపించుకోకండి, పొద్దు గూకాక అటు నడవకండి.

వెన్నెల_వి
అందరి మాటా విన్నాను. నిన్న కేంద్రానికి వెళ్లాం. రిపోర్టులు చూసి ఇద్దరికీ టీకా వేయొచ్చన్నారు, వేశారు. నాన్న కిడ్నీ రిపోర్టు బాగానే ఉంది, అటోవాక్వోన్ రాశారు. ఒక సందేహం. నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పసుపు కార్డు మీద మాత్రం ఇనిషియల్ వేసి ఇచ్చారు. నేను పెన్నుతో పూర్తి చేసేస్తే సరిపోతుందా?

లెక్కలమాస్టారు
వద్దు వద్దు, పెన్ను అక్కడే పెట్టండి! దిద్దినా, చెరిపినా కార్డు చెల్లకుండా పోవచ్చని ఆ కార్డు మీదే రాసి ఉంటుంది. పాస్‌పోర్టు తీసుకుని మళ్లీ వెళ్లి కొత్త కార్డు రాయించుకోండి. పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం, ముద్ర... అన్నీ అక్కడ నిలబడే చదవండి.

నోటిదురద
మా మామయ్య కార్డు మీద ఆడమనిషి అని టిక్ పెట్టారు. అది కూడా చూసుకోండి.

వెన్నెల_వి
ఇప్పుడే చూశాను. అమ్మది పుట్టిన సంవత్సరం తప్పు 🤦 రేపు ఇద్దరివీ పట్టుకుని వెళ్తున్నాను.